మూడో సిలిండరుకి గాలి

మా స్కేలు బావ అన్న మాట నేను ఈ జన్మలో మర్చిపోను. "రేకు వంచడం వేరు, గాలిని వంచడం వేరు బావమరిదీ" అన్నాడు. ఎక్కడ అన్నాడు? నా షెడ్డులో. దేని మీద కూర్చుని? నా స్టూలు మీద. నేను పోసిచ్చిన టీ తాగుతూ, మా అక్క వింటుండగా. ఏడో తరగతిలో బడి మానేసి, ముప్పై రెండేళ్లుగా జనం ఇళ్ల కప్పులకీ, చిమ్నీలకీ, వానగొట్టాలకీ రేకు వంచి బతుకుతున్నవాణ్ణి నేను. ఆ మాట అన్నాయన కాలేజీలో కుర్రాళ్లకి గీతలు గీయడం నేర్పి రిటైరైన మనిషి. వాళ్ల పెళ్లి ఫొటోలో కూడా జేబులోంచి స్కేలు తొంగిచూస్తూ ఉంటుంది.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం కథ ఎక్కడ ఆగిందో చెప్పేస్తాను. ఐదేళ్లుగా బావా నేనూ కలిసి ఒక చిన్న విమానం కడుతున్నాం. రెక్కలకి గుడ్డ కుట్టింది మా అక్క. కుట్టుపని ఆమె వృత్తి. మొగుడు ఇంట్లో కన్నా షెడ్డులోనే ఎక్కువ కాపురం చేస్తున్నాడు కాబట్టి ఆ విమానానికి 'సవతి' అని పేరు కూడా ఆమే పెట్టింది. పోయినసారి సవతి తోకని స్తంభానికి తాడుతో కట్టి మొదటిసారి ఇంజను తిప్పాం. నాలుగు సిలిండర్లలో మూడోది, అంటే కుడివైపు వెనకాలది, ఆరు నిమిషాల్లో వేడి సూదిని ఎర్రగీత దాటించేసింది. తక్కినవన్నీ బుద్ధిగానే ఉన్నాయి.

శనివారం తనిఖీ ఆఫీసరు వస్తాడు. ఆయన మా వైపు ఏడాదికి ఒక్కసారే వస్తాడు. ఆయన సంతకం పెడితే సవతి ఎగరొచ్చు, లేకపోతే వచ్చే ఏడాదే. వచ్చే ఏడాది అనేది నాకు ఉంది, విమానానికి ఉంది, బావకి లేదు. ఆయన ఎడమ చెవి మెల్లగా మూతపడుతోంది. విమానం నడపడానికి పనికొస్తాడని డాక్టరు ఇచ్చిన కాగితం ఈ నెలాఖరుతో అయిపోతుంది. "ఈసారికి రాశాను మాస్టారూ, మళ్లీ నన్ను అడగొద్దు" అని డాక్టరు ముందే చెప్పేశాడు. ఐదేళ్లూ ఎగరడం కోసమే కట్టిన మనిషికి మిగిలింది మూడు వారాలు.

ఇక బుధవారం పొద్దున సంగతి.

బావ కొత్త బొమ్మ పరిచి నాలుగు మూలలా నా సుత్తులు పెట్టాడు. "ముందు నోళ్లు చిన్నవయ్యాయి. రెండూ చెరో అంగుళం పెంచుదాం" అన్నాడు.

"నోరు పెంచితే మాట పెరుగుతుంది గానీ చల్లదనం పెరగదు బావా."

"నీకంటే తెలియదు గానీ, దీనికో లెక్క ఉంది."

ఈ 'నీకంటే తెలియదు' ఐదేళ్లుగా వింటున్నాను. దాని కింద ఒక గీత గీసి కూడితే ఎంతవుతుందో ఆయనే చెప్పాలి.

ఈ ఇంజను చల్లబడాలంటే నీళ్లు ఉండవు, గాలే దిక్కు. ముక్కుకి అటూ ఇటూ రెండు నోళ్లు ఉంటాయి. అందులో దూరిన గాలి ఇంజను పైన నిండాలి. నిండి, వేరే దారి లేక, సిలిండర్ల ఒంటి మీదుండే పల్చటి పొరల సందుల్లోంచి కిందికి దిగాలి. దిగి, అడుగున వెనకవైపు నుంచి బయటపడాలి. 'వేరే దారి లేక' అన్నదాంట్లోనే ఉంది కిటుకంతా. గాలంత సోమరిది ఇంకొకటి లేదు. సులువైన సందు దొరికితే సిలిండరు మొహం కూడా చూడదు. అందుకే ఇంజను చుట్టూ ప్రహరీలాగా అడ్డురేకులు కడతాం. ఇంజను ఊగుతుంది కాబట్టి రేకు అంచుకీ పైమూతకీ మధ్య వేలెడు సందు వదలాలి. ఆ సందు మూయడానికి అంచు వెంబడి రబ్బరు పట్టీ బిగిస్తాం. బొమ్మ గీసింది బావ, రేకులు కొట్టింది నేను, పట్టీలు బిగించింది నేను.

కాబట్టి తప్పు బొమ్మలో ఉండాలి. అది నా లెక్క.

"రేకుల్లో ఎక్కడో కారుతోందేమో చూశావా?" అన్నాడు బావ.

"నేను వేసిన కప్పు కారిందని ఇంతవరకు ఒక్కడు అనలేదు."

"అనలేదు సరే. చూశావా?"

చూపించాను. ఇంజను పైన బల్బు వెలిగించి పెట్టి, మూత బిగించి, ముందు నోళ్లలో గుడ్డలు కుక్కి, మొత్తం మీద దుప్పటి కప్పాను. బావని కూడా దుప్పట్లోకి రమ్మన్నాను. ఇద్దరు పెద్ద మగవాళ్లం మోకాళ్ల మీద పాకుతూ అడ్డురేకుల వెనక వెతికాం. సూదిమొన అంత వెలుతురు కూడా బయటికి రాలేదు.

"ఏం వెతుకుతున్నారు ఇద్దరూ?" అని గుమ్మం దగ్గర నుంచి అక్క గొంతు.

"మీ తమ్ముడి తప్పు" అన్నాడు బావ దుప్పట్లోంచి.

"దొరికిందా?"

"లేదు."

"దొరకదు" అన్నాను నేను. అక్క నవ్వుకుంటూ పోయింది. ఎందుకు నవ్విందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

బావ దగ్గర నేను గౌరవించే వస్తువు ఒకటుంది. చెక్కకి బిగించిన పారదర్శకమైన గొట్టం, మధ్యలో కిందికి వంగి ఉంటుంది, అందులో నీలిరంగు నీళ్లు. ఒక కొస ఇంజను పైన పెడతాం, ఇంకో కొస ఇంజను కింద. పైన గాలి ఎంత గట్టిగా ఒత్తుతుంటే ఒకవైపు నీళ్లు అంత దిగుతాయి, రెండోవైపు అంత లేస్తాయి. మూడు అంగుళాల తేడా రావాలని బావ లెక్క. ఇంజను తిప్పితే ఒకటిన్నర దాటలేదు. మూడో సిలిండరు సూది మళ్లీ ఎర్రగీత ఎక్కి కూర్చుంది.

"చూశావా? లోపలికి వచ్చేదే చాలట్లేదు. నోరు పెంచాలి" అన్నాడు.

"వచ్చింది పోతేగా కొత్తది వచ్చేది? కింద దారి పెంచాలి" అన్నాను.

నా మాట చూడ్డానికి రేకు కొయ్యక్కర్లేదు. అడుగు మరలు వదులు చేసి, చెక్కముక్కలు దూర్చి, బయటి దారిని అంగుళం తెరిచాను. మళ్లీ తిప్పాం. ఆరు నిమిషాలకి ఎక్కే సూది ఏడు నిమిషాలకి ఎక్కింది. అంటే నా ముప్పై రెండేళ్ల అనుభవం విలువ అక్షరాలా ఒక్క నిమిషం.

బావ గోడకి తగిలించిన నా రేకుకత్తెర తీసుకుని ముందు నోటి దగ్గరికి నడిచాడు.

"బావా, అది పెట్టెయ్యండి."

"శనివారానికి ఎన్నాళ్లుందో తెలుసా నీకు?"

"కోసిన రేకు మళ్లీ అతకదు. అది రెండు నెలలు కొట్టిన మూత. పెట్టెయ్యండి."

"రెండు నెలలు కొట్టావు. గాలి ఆడట్లేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నా బొమ్మని ఆడిపోసుకుంటున్నావు."

"ఎవరు మద్దెలో ఎవరు ఆడేవాళ్లో కత్తెర ఇస్తే మాట్లాడుకుందాం."

కత్తెర ఒక పిడి ఆయన చేతిలో ఉంది, ఇంకోటి నా చేతిలో. ఆయన బలంగా లాగలేదు. అరవై ఒకటో ఏట ఆయన మొహంలో నాకు కోపం కనిపించలేదు. పరీక్ష హాలు తలుపు వేస్తుంటే బయట నిలబడిన కుర్రాడి మొహంలాగా ఉంది. అందుకే నేనూ గట్టిగా లాగలేకపోయాను. అలాగని వదల్లేదు కూడా.

"బాగుంది. చెరో సగం కోసుకోండి" అంది అక్క. ఎప్పుడు వచ్చిందో, చేతిలో డబ్బా పట్టుకుని నిలబడింది. "ఏవండీ, ఆ కత్తెర వాడికి ఇచ్చెయ్యండి. ఒరేయ్, నువ్వు ఆ మూత తియ్యి."

"ఎందుకక్కా?"

"తియ్యమంటే తియ్యి. నాకు గిరాకీ ఉంది, నిలబడే తీరిక లేదు."

తీశాను. డబ్బాలో ఉన్నది గుడ్డ మీద గీతలు గీసే సుద్ద, మెత్తగా నూరిన నీలంపొడి. ఇంజను పైన, అడ్డురేకుల లోపలివైపు, పిండి జల్లెడ పట్టినట్టు చల్లింది. "మూత పెట్టి ఒక్క నిమిషం తిప్పండి. కొత్త జాకెట్టు ఎక్కడ పట్టేస్తోందో తెలియాలంటే వేసుకున్నవాళ్లని కదలమంటాను. నిలబెట్టి చూస్తే ఏ జాకెట్టైనా కుదిరినట్టే ఉంటుంది. మీరు సవతిని నిద్రపుచ్చి దీపం పెట్టి చూశారు."

బావ నా వంక చూశాడు, నేను బావ వంక చూశాను. తిప్పాం. ఆపాం. మూత తీశాం.

ముందు సిలిండర్ల దగ్గర నీలం శుభ్రంగా సందుల్లోకి దిగిపోయింది. మూడో సిలిండరు మీద మాత్రం చల్లింది చల్లినట్టే ఉంది. దాని వెనక మూలలో అడ్డురేకు ఎక్కి, పట్టీ దాటి, ఇంజను వెనకాల రేకుగోడ మీద విసనకర్ర విప్పినట్టు ఇంత వెడల్పున నీలిమరక. గాలి సిలిండరుని పలకరించకుండా గోడ దూకి పారిపోతోంది.

"కానీ వెలుతురు రాలేదే" అన్నాను.

బావ స్కేలు తీసి పట్టీ అంచుని లోపలి నుంచి మెల్లగా నెట్టాడు. పట్టీ బయటికి వాలి ఉంది కదా, నెట్టగానే తలుపులాగా తెరుచుకుంది. స్కేలు తీశాడు, మూసుకుంది. మళ్లీ నెట్టాడు, తెరుచుకుంది. లోపల గాలి ఒత్తిడి చేసేది కూడా అదే పని. అదే పట్టీ లోపలికి వాలి ఉంటే ఆ ఒత్తిడే దాన్ని మూతకి అదిమి పట్టేది. గాలి ఎంత తోస్తే తలుపు అంత గట్టిగా పడేది.

"ఇది బయటికి ఎందుకు వంచావు?" అన్నాడు. మెల్లగానే అడిగాడు.

నోరు తెరిచాను. జవాబు నాలుక మీదికి వచ్చాక గానీ అదెంత గొప్ప జవాబో నాకు తెలియలేదు.

"వాన లోపలికి రాకుండా" అన్నాను.

ముప్పై రెండేళ్లుగా నా చేతులకి తెలిసింది ఒకటే. ఏ అంచైనా బయటికి వాలాలి, నీళ్లు జారిపోవాలి. విమానం ఇంజను చుట్టూ పదకొండు అడుగుల పట్టీని ఇంటి చూరులాగా వాల్చి పెట్టాను. పైగా మూడు వారాలుగా బొమ్మని తిడుతున్నాను. గురివింద గింజకి నా మొహం చూసి ధైర్యం వచ్చి ఉంటుంది.

ముందు అక్క నవ్వింది. తర్వాత బావ స్టూలు మీద కూలబడి, కళ్లద్దాలు తీసి మరీ నవ్వాడు. "మబ్బుల్లో పోతుంటే... వాన వస్తే... ఒక్క చుక్క పడదు" అని మధ్యమధ్యలో అంటున్నాడు. నేను ఆఖర్న నవ్వాను. నవ్వకపోతే ఏడవాలి, ఏడవడానికి ఆ షెడ్డులో చోటెక్కడుంది?

నవ్వు తగ్గాక బావ పాత బొమ్మ తీసి ఆ మూల దగ్గర వేలు పెట్టాడు. పట్టీ అని ఒక గీత, అంతే ఉంది. ఎటు వాలాలో లేదు. ఆయన పెన్సిలుతో లోపలికి ఒక బాణం గీశాడు. "ఇది నేను గీయాల్సింది. నీకు తెలుసనుకున్నాను" అన్నాడు.

"నాకు తెలియదని ఐదేళ్లుగా అంటూనే ఉన్నారుగా. సరిగ్గా ఇక్కడే తెలుసనుకోవాలా?"

"నువ్వైనా అడగొచ్చుగా."

"మీరైనా చెప్పొచ్చుగా."

"నేనైనా వంట చేసుకోవచ్చుగా" అని అక్క డబ్బా మూసుకుని వెళ్లిపోయింది.

గురువారం, శుక్రవారం కలిపి పదకొండు అడుగులూ ఊడదీశాం. కొత్త పట్టీ లోపలికి వాల్చి బిగించాం. మూలల దగ్గర ముడతలు పడకుండా చీల్చి ఒకదాని మీద ఒకటి ఎక్కేలా అక్క కత్తిరించి ఇచ్చింది, చొక్కా కాలరు కత్తిరించినట్టు. శుక్రవారం సాయంత్రం తిప్పితే నీలినీళ్లు మూడంగుళాల పావు లేచాయి. మూడో సిలిండరు సూది పది నిమిషాలైనా రెండువందల ఐదు దగ్గరే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఎర్రగీత రెండువందల ముప్పై డిగ్రీలు. బావ ఆ సూదిని మనవరాలిని చూసినట్టు చూశాడు. నాకు కూడా సంతోషంగానే ఉంది, ఎవరికీ చెప్పలేదంతే.

శనివారం ఆఫీసరు ఒక ఫ్లాస్కు, ఒక టార్చి పట్టుకుని వచ్చాడు. సన్నటి మనిషి, మాటలు ఇంకా సన్నం. మూత తీయించి, పట్టీ వెంబడి వేలు పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకి నడిపించాడు.

"ఎవరు బిగించారు?"

"మా బావమరిది. కప్పులు వేస్తాడు" అన్నాడు బావ గర్వంగా.

"కప్పులు వేసేవాడు లోపలికి వాల్చాడా?" ఆఫీసరు నా వంక చూశాడు. "మొదటిసారేనా?"

"రెండోసారి సార్" అన్నాను.

ఆయన నవ్వలేదు గానీ కాగితం మీద ఏదో రాసుకుంటుంటే మీసం కదిలింది. తర్వాత ఇంజనుని పూర్తి జోరు మీద పెట్టించి, గడియారం చూస్తూ నిలబడ్డాడు. అంత జోరులో ఐదో నిమిషానికి సూది రెండువందల ఇరవై ఒకటి చూపించింది. ఆపమన్నాడు.

"మీ పని బాగుంది. కానీ ఇది కొత్త ఇంజను, మొదటి గంటల్లో ఇంకా కాగుతుంది. ముక్కెత్తి నిటారుగా ఎక్కారనుకోండి, ముందుకి వేగం తగ్గుతుంది, గాలి తగ్గుతుంది, ఆ మూడోది గీత దాటుతుంది. కాబట్టి ముక్కు దించి, వేగంగా, నింపాదిగా ఎక్కాలి. అలా ఎక్కడానికి మీకు చోటుందా?"

మా షెడ్డు వెనక బావది పొడుగాటి బీడు ఉంది. ఐదేళ్లుగా దాన్ని చదును చేసి పరుగుదారి చేసుకున్నాం. ఆఫీసరు కొలత చక్రం దొర్లించుకుంటూ ఆ చివరిదాకా నడిచాడు. మేం ముగ్గురం వెనకే నడిచాం. దారి అయిపోయిన చోట కంచె, కంచె అవతల ఆరు ఇనుప స్తంభాలు నిలబడి ఉన్నాయి. ఆయన ఆగి తలెత్తి చూశాడు.

"ఈ స్తంభాలు ఎవరివి?"

అక్క చటుక్కున నేలకేసి చూసింది. ముప్పై రెండేళ్లు నేను ఇంకొకళ్ల ఇళ్ల మీద ఎక్కి దిగి కొనుక్కున్న స్థలం అది. అద్దె షెడ్డు వదిలేసి సొంత షెడ్డు వేసుకుందామని పోయిన నెలే స్తంభాలు పాతాను.

"నావే సార్" అన్నాను.

"నింపాదిగా ఎక్కే విమానానికి ఇవి అడ్డం. ఇవాళే తీసేయాలి. తీస్తే చాలదు. ఈ దారిన విమానం ఎగిరినంత కాలం ఇక్కడ ఏమీ కట్టనని స్థలం ఆసామీ రాసివ్వాలి. అది లేకుండా నేను సంతకం పెట్టలేను."

బావ నాకూ ఆఫీసరుకీ మధ్యకి వచ్చాడు. ఎడమ చెవి సరిగ్గా వినపడదంటారు గానీ ఇది మాత్రం మొత్తం విన్నాడు. "అంతదూరం ఎందుకు లెండి సార్. వచ్చే ఏడాది చూసుకుందాం. ఈలోపు ఇంజను కూడా సర్దుకుంటుంది" అన్నాడు. చాలా మామూలుగా అన్నాడు, టీలో చక్కెర తక్కువైనా పర్వాలేదన్నట్టు.

వచ్చే ఏడాది లేని మనిషి నాకు వచ్చే ఏడాదిని దానం చేస్తున్నాడు. 'గాలిని వంచడం వేరు' అన్నప్పుడు కూడా నాకింత ఒళ్లు మండలేదు.

"మీరు ఊరుకోండి బావా. లెక్కల్లో వేలు పెట్టండి, నా స్థలంలో కాదు" అన్నాను. "పెన్ను ఇవ్వండి సార్."

"ఒరేయ్, ఇంట్లో ఒక్కమాట అడగవా?" అంది అక్క.

అడిగితే ఏం చెబుతుందో నాకు తెలుసు. అందుకే అడగలేదు. ఆఫీసరు నా స్థలంలో కూడా చక్రం దొర్లించి కొలతలు చెబితే, ఆయన ఫ్లాస్కు మీద కాగితం ఆనించి రాశాను, సంతకం పెట్టాను. ఆయన కూడా తన కాగితం మీద పెట్టి బావ చేతికిచ్చాడు. "రేపు పొద్దున ఆరింటికి. గాలి లేవకముందే ఎగరండి" అన్నాడు. బావ ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, చదవకుండా, నా వంకే చూస్తూ నిలబడ్డాడు. స్కేలు జేబులోంచి జారి గడ్డిలో పడినా చూసుకోలేదు.

నేను స్పానర్లు తెచ్చి మొదటి స్తంభం మరలు విప్పుతుండగా రోడ్డు వైపు నుంచి మాటలు వినిపించాయి. మా ఆవిడ. పక్కన మేస్త్రీ. గోడలకి ముగ్గు పోయించడానికి నేనే ఇవాళ నాలుగింటికి రమ్మన్నాను. మేస్త్రీకి స్థలం చూపిస్తూ, ఈ మూల నీడ బాగుంటుంది, ఆ మూల ఒక చిన్న గది కావాలి అని చెయ్యి తిప్పుతూ నవ్వుకుంటూ వస్తోంది. నన్ను చూసింది, నా చేతిలో స్పానరు చూసింది, పక్కకి వాలిన స్తంభం చూసింది. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది.

"అదేంటండీ, విప్పుతున్నారు? ఎంతమేర పోతోంది?"

ఆఫీసరు చక్రం చెప్పిన లెక్క నాకు కంఠతా వచ్చేసింది. పొడవు తొంభై నాలుగు మీటర్లు, వెడల్పు ఇరవై రెండు. అంటే మొత్తం స్థలం.